ఫోన్ అయితే ఓకే, కెమెరా అయితే నేరమా?

మా దగ్గరి పార్కులో నాగలింగం చెట్టు ఒకటి ఉంది. పూలు కొమ్మల చివర కాదు, కాండానికే గుత్తులుగా వేలాడతాయి, మధ్యలో పడగ విప్పినట్టు కేసరాలు, ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉండి రాలిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లి తీయాలి. తీయనిస్తేగా! బ్యాగులోంచి కెమెరా బయటికి రాగానే వాచ్‌మన్ ఈల. "సార్, కెమెరాకు పర్మిషన్ లేదు, ఫోన్‌లో తీసుకోండి." "అన్నా, ఈ ఫోన్‌లో 50 మెగాపిక్సెళ్లు, నా పాత కెమెరాలో అందులో సగం కూడా లేవు" అంటే, "పైవాళ్లు చెప్పారు సార్". ఆ రూలు ఎక్కడ రాసుందో ఆయనకూ తెలీదు, పాపం. బోర్డు మీద పూలు కోయరాదు, గడ్డి మీద నడవరాదు అనే ఉంది.

శిల్పాల దగ్గరైతే ఇంకో పాట, "కాపీరైట్ ఉంటుంది". 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే, బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా పెట్టిన శిల్పాన్ని ఫొటో తీసినా, ప్రచురించినా ఉల్లంఘన కాదని ఉంది. అయినా శిల్పాల మీద అంత ప్రేమే ఉంటే, నల్లరాతి నర్తకికి వెండిరంగు ఎనామెల్ పెయింట్ ఎందుకు పూశారట? గాజుల చెక్కడమంతా పూడిపోయింది. పీఠం మీద ఎవరో గీకిన గుండె బొమ్మ, పక్కనే పొంగిపొర్లే చెత్తడబ్బా, ఎటు వంగి తీసినా ఫ్రేములోకి దూరుతుంది. దాన్ని కాస్త జరుపుదామని చెయ్యి వేస్తే మళ్లీ ఈల.

ఇంతలో ప్రీ వెడ్డింగ్ షూట్ వాళ్లు గొడుగులు, లైట్లతో సహా పూలమడిలోకే దిగిపోయారు. వాళ్లను అడిగే నాథుడు లేడు. డబ్బు కట్టారట. సరే, ఆ రేటెంతో బోర్డు మీద రాయండి, మేమూ కడతాం.