తరుగు పోగా

నాకు 51 ఏళ్లు. అందులో 27 ఏళ్లు, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే మిర్చి అడ్తిలో గుమస్తాగానే గడిచిపోయాయి. వరంగల్ వైపు ఏ యార్డులోనో, ఎవరి అడ్తిలోనో చెప్పను. చెబితే మా సేటు ఈసారి నా జీతంలోంచి తరుగు తీస్తాడు. తరుగంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: రైతు సరుకు కాంటా ఎక్కాక గోనె సంచి బరువనీ, తేమ అనీ, తాలు అనీ తూకంలోంచి ఎంతో కొంత కొట్టేస్తారు. ఆ కొట్టేసేదే తరుగు. ఇన్నేళ్లలో ఎన్ని వేల క్వింటాళ్లకు తరుగు రాశానో లెక్క లేదు గానీ, నా ఒంటి మీద మాత్రం ఒక్క కిలో రాసుకోలేకపోయాను.

సంక్రాంతి సకినాలు ఇంకా డబ్బాలో ఉండగానే రక్త పరీక్షకు వెళ్లవలసి వచ్చింది. నేను తక్కువవాడినా? పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి చక్కెర లేని టీ తాగాను, సకినాల డబ్బా వైపు తల తిప్పి కూడా చూడలేదు. తీరా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 దాటితే మధుమేహం గుమ్మంలో నిలబడినట్టట, 6.5 అయితే లోపలికి వచ్చి కుర్చీ వేసుకున్నట్టట. రెండు రోజులు నిష్ఠగా ఉన్నానని డాక్టరు గారికి మనవి చేసుకున్నాను. ఆయన నవ్వారు.

"ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో ఎంత చక్కెర తిరిగిందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇది మూడు నెలల పద్దు. చివరి రెండు రోజులు దిద్దితే పద్దు మారదని గుమస్తా గారికి నేను చెప్పాలా?"

తర్వాత నర్సమ్మ టేపు తెచ్చింది. కొలవకముందే, "ప్యాంటు 36 అంగుళాలేనమ్మా" అని చెప్పేశాను. "ప్యాంటు బొజ్జ కింద ఉంది కదండీ, నేను కొలిచేది బొజ్జ" అని ఆమె టేపును బొడ్డు మీదుగా తిప్పింది. 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదట. ఇరవై ఏళ్లుగా నేను 36 అనే అంకెను కాపాడుకుంటూ వచ్చానే గానీ, ప్యాంటు ఏటా ఒక అర అంగుళం చొప్పున కిందికి దిగుతోందని గమనించలేదు.

నిజానికి గమనించాను. ఒప్పుకోలేదు, అంతే. మా ఇంట్లో ఏ పెళ్లి ఫోటో చూసినా నేను వెనక వరుసలో, ఎవరి భుజం మీదుగానో తల ఒక్కటీ పెట్టి ఉంటాను. మా అమ్మాయి డిగ్రీ పట్టా తీసుకున్న రోజు ఫోటోలో అయితే, ముందున్న పూలకుండీ లోంచి మొలిచినట్టు ఉన్నాను. మిర్చిలో పుట్టి పెరిగినవాడిని కాబట్టి మనుషుల్ని కూడా రకాల్లోనే చూస్తాను. మా ఆవిడ అచ్చంగా తేజ రకం. సన్నగా, నిటారుగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. నేను చపాటా. గుండ్రంగా, ఎర్రగా, టమాటాలా ఉంటాను, ఘాటు పెద్దగా లేదు. అయితే 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు రాలేదు.

పరీక్ష కాగితాలు చూసి మా అమ్మాయి చేతికి పెట్టుకునే గడియారం ఒకటి కొనిచ్చింది. అది అడుగులు లెక్కపెడుతుంది. "రోజుకు 10,000, బాపూ" అంది. మొదటి వారం ఎంత తిరిగినా 4,000 దాటలేదు. రాత్రి అన్నం తిన్నాక హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, టీవీకి అడ్డం వస్తున్నానని మా ఆవిడ ఘాటు చూపించింది. చివరికి అమ్మాయే ఎక్కడో చదివి అసలు సంగతి చెప్పింది. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, దానికి పదివేల అడుగుల మీటరు అనే అర్థం వచ్చే పేరు పెట్టారట. ఆ అంకె అక్కడి నుంచి లోకం మీద పడింది. డాక్టరు గారు నాకు చెప్పింది మాత్రం వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా నడవమని.

నాకు విషయం వెంటనే అర్థమైపోయింది. ఈ 10,000 అనేది జెండా పాట. మార్కెట్లో పొద్దున్నే జెండా పాట పాడి ఒక మంచి లాట్‌కు పెద్ద ధర కడతారు. మర్నాడు పేపర్లో అదే వస్తుంది. మిగిలిన సరుకంతా అంతకన్నా తక్కువకే పోతుంది, రైతులంతా అంగీలు దులుపుకుని ఇంటికి వెళతారు. జెండా పాట అందలేదని ఎవరూ మిర్చి వేయడం మానలేదు కదా. ఇంత తెలిసినా చేతికి ఉన్న గడియారం 10,000 అడుగుతూనే ఉంటే మనసు ఊరుకోదు. అదీ మనిషి బలహీనత.

పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. కట్ట మీద నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాళ్లు పెన్షన్ల గురించి మాట్లాడుకుంటూ నన్ను దాటి వెళ్లిపోయేవారు. అందులో ఒకాయన రెండో చుట్టులో మళ్లీ దాటుతూ, "బూట్లు కొత్తవా?" అని అడిగి వెళ్లాడు. జవాబు చెప్పేంత ఊపిరి నా దగ్గర లేదు. ఒక ఆదివారం అడుగులు చాలక వేయి స్తంభాల గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేశాను. 1163లో కట్టిన ఆ గుడి ముందు నల్లరాతి నంది ఉంది చూశారూ, దాని పక్కన కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా అది కదలకుండా కూర్చునే ఉంది. నడుము ఎక్కడో, పొట్ట ఎక్కడో తెలియదు. అయినా వచ్చినవాళ్లంతా ఒళ్లు నిమిరి దండం పెట్టి పోతున్నారు. ఎవరూ టేపు తీయలేదు. లేచి ఇంకో రెండు ప్రదక్షిణలు చేశాను గానీ, అవి దేవుడికో నందికో తెలియదు.

ఇక బరువు సంగతి. మా ఇంట్లో బరువు చూసుకునే యంత్రానికి మాట మీద నిలకడ లేదు. వంటింటి గుమ్మం దగ్గర 92 చూపిస్తుంది, దేవుడి గది ముందు 89 చూపిస్తుంది. సహజంగానే నేను దేవుడి గది ముందే తూగేవాడిని. నెల్లాళ్లు గడిచాక మాత్రం అసలు సత్యం తెలుసుకోవాలనిపించింది. సత్యం ఎక్కడుంది? మా అడ్తిలో ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాంటా అది.

ఆ రోజు నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సరుకు తూగుతోంది. 42 బస్తాలు, జోడీగా రెండేసి చొప్పున కాంటా ఎక్కుతున్నాయి. జోడీకి అటూ ఇటుగా 84, 85 కిలోలు. చివరి వరుస తూగే ముందు హమాలీలు బీడీ కోసం ఆగారు. కాంటా ఖాళీగా ఉంది. అదే అదను అనుకుని నేను చెప్పులు విప్పి ఎక్కాను.

ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. తూకం వేసే దడ్వాయి అలవాటు కొద్దీ "తొంభై ఒకటీ నాలుగు వందలు!" అని కేక వేశాడు. చిట్టా రాసే కుర్రవాడు అలవాటు కొద్దీ రాసేశాడు. నేను అలవాటు కొద్దీ పొట్ట లోపలికి పీల్చుకున్నాను, కాంటాకేదో మొహమాటం ఉంటుందన్నట్టు.

దిగి వచ్చి, బట్టల కింద ఎంత తీసేయవచ్చు, పొద్దున తిన్న రొట్టెల కింద ఎంత తీసేయవచ్చు అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అదే ధ్యాసలో చిట్టా చూసి తక్‌పట్టీ, అంటే రైతు సరుకు తూకం, ధర లెక్కల చీటీ, రాశాను. 44 బస్తాలు. పెద్దాయన పక్కనే నిలబడి ఏదో అన్నాడు. గడియారంలో అడుగులు చూసుకుంటున్న నేను "అలాగే, అలాగే" అన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఖరీదుదారు గోదాము నుంచి ఫోను వచ్చింది. రాసింది 44, చేరింది 42. రెండు బస్తాలు లేవు.

మిర్చి రెండు బస్తాలు పోవడమంటే మాటలు కాదు. సేటు ముఖం తేజ రంగుకు తిరిగింది. హమాలీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు వెతకడానికి లేచినవాడిని నేనే. అసలు ఆ ఉత్సాహం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పక్క అడ్తి బస్తాల గుట్ట ఎక్కి, మార్కు వేసిన వైపు తిప్పించి ఒక్కొక్కటే చూశాను. లారీ కింద దూరాను. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుసార్లు తిరిగాను. ఘాటుకు తుమ్ములు, కళ్లవెంట నీళ్లు. పాపం, సేటు డబ్బు పోయిందని గుమస్తా ఏడుస్తున్నాడని ఎవరో అన్నారు. దారిలో కనబడిన ప్రతివాడినీ ఆపి, "రెండు బస్తాలు చూశావా, జోడీ, తొంభై కిలోలుంటుంది" అని అడిగాను. ఒక చాటకూలీ అక్క నన్ను పైనుంచి కిందికి చూసి, లేదంది.

అప్పుడు నా మణికట్టు మీద గడియారం గజగజలాడింది. చూస్తే దాని మీద బాణసంచా వెలుగుతోంది. 10,000 అడుగులు. నెల్లాళ్లలో మొదటిసారి. ఆ దుఃఖంలో కూడా ఒక క్షణం ఛాతీ పొంగింది, దాచడమెందుకు.

తిరిగి వచ్చేసరికి సేటు చిట్టా ముందేసుకుని ఉన్నాడు.

"అన్ని జోడీలూ 84, 85 ఉంటే, ఇదొక్కటి 91.400 ఏమిటి? కొన్ని బస్తాల మీద నీళ్లు చల్లాడా ఈ ముసలాయన?"

పెద్దాయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. నాకు ఆ అంకె ఎక్కడో విన్నట్టు అనిపించింది. రొట్టెలు, బట్టలు, ఎర్ర అంకెలు అన్నీ గుర్తొచ్చాయి. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కానీ ఆయన సరుకుకు మచ్చ పడుతుంది.

"సేటూ" అన్నాను, "అది నేను."

"నువ్వేమిటి?"

"ఆ జోడీ."

షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత వచ్చిన నవ్వు మాత్రం పక్క వరుస అడ్తుల దాకా వెళ్లింది. దడ్వాయి అయితే కాంటా పట్టుకుని కూర్చుండిపోయాడు. సేటు నవ్వలేదు. తక్‌పట్టీ తీసి తాపీగా లెక్క వేశాడు. రెండు గోనె సంచుల కింద నాకూ 2 కిలోల తరుగు పోయింది. నికరం 89.400. క్వింటాలు 14,000 చొప్పున 12,516 రూపాయలు. అంత మొత్తానికి నేను మధ్యాహ్నమే అమ్ముడుపోయి ఉన్నాను, అదీ నా సొంత దస్తూరీతో.

"42 అని అప్పుడే చెప్పాను బిడ్డా, నువ్వే గడియారం చూసుకుంటూ వినలేదు" అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత లేచి వచ్చి, కల్లంలో సరుకు చూసినట్టు నన్ను ఒకసారి పరకాయించి చూశాడు. "సేటూ, ఇందులో తాలు లేదు. ధర తక్కువే కట్టావు."

ఆయన వేళాకోళానికే అని ఉండవచ్చు. కానీ 27 ఏళ్లలో ఆ షెడ్డులో నా గురించి ఎవరూ ధర తక్కువని అనలేదు. ఇంటికి వెళ్లేదాకా ఆ మాట చప్పరిస్తూనే ఉన్నాను, చక్కెర లేకుండానే.

సేటు కొత్త తక్‌పట్టీ రాయించాడు. చిట్టాలో ఆ జోడీ మీద ఎర్రగీత కొట్టి, పక్కన తన చేత్తోనే "తరుగు: గుమస్తా" అని రాశాడు. ఇంట్లో చెప్తే అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. మా ఆవిడ మాత్రం ధర దగ్గరే ఆగింది. "12,516కు పోతుంటే సేటు ఎందుకు ఆపాడు?" అని రెండుసార్లు అడిగింది. రాత్రి జొన్నరొట్టె వడ్డించేటప్పుడు ఎందుకో నెయ్యి కాస్త ఎక్కువే రాసింది. వద్దనలేదు.

కట్ట మీద నడక మానలేదు. బూట్లు కొత్తవా అని అడిగిన పెద్దమనిషి ఇప్పుడు ఒక్కసారే దాటుతున్నాడు. మొన్న మా అన్న కొడుకు పెళ్లిలో ఫోటో తీసే కుర్రవాడు "లావుగా ఉన్న అంకుల్, ముందుకు రండి" అన్నాడు. వెళ్లాను. ఫోటోలో పొట్ట స్పష్టంగానే వచ్చింది. దాని వెనక మా బావమరిది సగం కనబడలేదు. ఇన్నాళ్లకు నేను ఒకరిని కప్పాను.

సీజను చివర్లో యార్డు పలచబడ్డాక మళ్లీ కాంటా ఎక్కాను. ఈసారి చిట్టా రాసే కుర్రవాడిని టీకి పంపి, చుట్టూ చూసి మరీ ఎక్కాను. 87.200. దడ్వాయి కేక వేయలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, కాంటా పక్కన బస్తాల లాట్ నంబర్లు రాసే పలక మీద నా బరువు వేశాడు. దాని కింద పెద్ద అక్షరాలతో రాశాడు: "అమ్మకానికి కాదు."