సవరణ: ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ టూర్ ప్లాన్

మొన్నటి టూర్ ప్లాన్‌లో శుక్రవారం తాజ్‌మహల్, సోమవారం ఎర్రకోట అని ఉంది. ఆ రోజులు మార్చుకోండి. శుక్రవారం తాజ్‌లోకి మసీదులో నమాజుకు వెళ్లేవాళ్లను తప్ప రానివ్వరు. ఎర్రకోటకు సోమవారం సెలవు. శుక్రవారమే ఆగ్రాలో ఉండాల్సి వస్తే టెన్షన్ అక్కర్లేదు, ఆగ్రా కోట తెరిచే ఉంటుంది. షాజహాన్‌ను కొడుకు బంధించింది ఆ కోటలోనే. యమున వంపు దగ్గర తెల్లగా తాజ్ అక్కణ్ణుంచీ కనిపిస్తుంది. నన్నడిగితే తాజ్ కంటే ముందు చూడాల్సింది ఈ కోటే.

ఇంకోటి. జైపూర్‌లో ‘హవామహల్ ముందు ద్వారం దగ్గర కలుద్దాం’ అని రాసి ఉంది. 1799లో కట్టిన ఆ అయిదంతస్తుల కిటికీల గోడకు రోడ్డు వైపు ద్వారమే లేదు! చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్లాలి. పై అంతస్తులకు ఎక్కువగా ఏటవాలు దారులే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెల్లగా ఎక్కొచ్చు.