మెయిల్‌కి మూడో ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంత గోదారే చెప్పి వస్తుంటే, అమలాపురంలో మా ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్‌లోకి మెయిల్ మాత్రం చెప్పాపెట్టకుండా దూరిపోవడం ఏం మర్యాదండీ? అందుకే చదవని మెయిళ్ళకి కూడా అవే అంకెలు ఖాయం చేశాను. పావుతక్కువ పన్నెండు మెయిళ్ళు ఎలా వస్తాయని అడక్కండి, అది సాంకేతిక విషయం.

యూనిక్సోళ్ళు (యూనిక్స్ అంటే లినక్స్‌కి పెద్దన్నలాంటి పాత సిస్టమ్) మెయిలొచ్చిందని చెప్పడాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. 1980లోనే అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో, మెయిలొస్తే చెప్పడానికి బిఫ్ అని ప్రోగ్రాం రాశారు, అది అక్కడ తిరిగే ఓ కుక్క పేరు, పోస్ట్‌మాన్ వస్తే మొరిగేది కాబట్టి ఆ పేరు పెట్టారని కథలుగా చెప్పుకుంటారు గానీ రాసినాయనే అదంతా ఉత్తిదేనన్నాడంట. మొరగని కుక్కని కాపలా పెట్టడం మనకేం కొత్త కాదులెండి. తర్వాత ఎక్స్‌బిఫ్ వచ్చింది, 30 సెకన్లకోసారి చూసి, మెయిలుంటే బొమ్మ పోస్టుడబ్బా మీద జెండా లేపుద్ది.

ఇదంతా చెప్తే మా నాన్నగారు "పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు కొట్టేవాడు గదరా, దానికింత హడావిడా" అన్నారు. ఆయ్, పెద్దాళ్ళు, ఏం చెప్తాం.

నేను రాసుకున్న స్క్రిప్టు నిమిషానికోసారి మెయిల్ తెచ్చి, నోటిఫై-సెండ్ అనే కమాండుతో తెర మూల చిన్న డబ్బా చూపించాలి. టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, నా చేత్తో నడిపితే బ్రహ్మాండం. టైముకి పనులు దానంతటదే నడిపే క్రాన్ అనే ప్రోగ్రాంకి అప్పజెప్పి పడుకున్నా, అంతే, ఉలుకూ పలుకూ లేదు. ఎందుకంటే క్రాన్ ఎక్కడో వెనకాల బతుకుద్ది, మన డెస్క్‌టాప్ సెషన్ డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) అడ్రసు దానికి తెలీదు, పంటెక్కాడు గానీ ఏ రేవులో దిగాలో తెలీనోడి టైపన్నమాట. పైగా దానికో మంచి అలవాటుంది, అప్పజెప్పిన పని ఏదన్నా ఫెయిలై ఏడిస్తే ఆ ఏడుపంతా మన కంప్యూటర్లోనే ఉండే లోకల్ మెయిల్‌బాక్సుకి ఉత్తరం రాసి పడేసుద్ది. నిమిషానికొకటి.

రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న ఆరింటికి లేచి టెర్మినల్లో ఎంటర్ కొడితే "యూ హావ్ న్యూ మెయిల్". చూస్తే 480. ఇలాగే వదిలేస్తే రోజుకి 1440. వెంటనే మూడో హెచ్చరిక జారీ చేశాను, అంటే హాల్లోకొచ్చి అరిచాను.

"అన్ని ఉత్తరాలు ఎవడ్రా రాసింది?" అన్నారు నాన్నగారు కాఫీ గ్లాసు దించి.

"మెయిలొచ్చిందని చెప్పలేకపోతున్నానని, చెప్పాల్సినోడే రాశాడండి."

కాసేపు నన్నూ, కాసేపు కంప్యూటర్నీ చూసి, "మరి ఆ కుక్కేం చేస్తందిరా?" అన్నారు.