బొగ్గులోని సిద్ధబీజం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సింగరేణి బొగ్గుపొరలో వేంచేసి ఉన్న సిద్ధబీజం గారికి,

ఇల్లెందు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా పుట్టిన తేదీ తప్ప.

ఫెర్న్‌లాంటి మొక్కలు విత్తనాలకు బదులు గాలికి వదిలిన పొడిలో ఒక రేణువు మీరు, ఇంగ్లీషులో స్పోర్. పాతిక కోట్ల ఏళ్లు దాటినా, ల్యాబ్‌లో మీ గుంపును చూసి పర్మియన్ కాలం వారని చెప్పేస్తారు. నాకు నలభై ఎనిమిదే. బళ్లో వేసిన రోజు హెడ్మాస్టరు గారు నా మొహం చూసి జులై 1 అని రాసేశారు. మా క్లాసులో సగం మందిమి జులై 1నే పుట్టాం. ఆధార్‌లో ఇంకో తేదీ. ఈ రెండూ కలపడానికి ఏడాదిగా తిరుగుతున్నాను.

పదో తరగతి సర్టిఫికెట్‌లో నాకు రెండు పుట్టుమచ్చలు రాశారు. ఒకటి ఇప్పుడు వెతికినా కనపడదు. మీ మచ్చ చూడండి! నలుగురు ఒకే కాన్పులో అతుక్కుని పుట్టారు, విడిపోయిన చోట మూడు గీతలు పడ్డాయి. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఒంటి మీద అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మీకు జరిగే వెరిఫికేషన్ మామూలుదా? రాయిని నలగ్గొట్టి, గాజును కూడా తినేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో వేస్తారు. బొగ్గయితే నైట్రిక్ యాసిడ్ స్నానం. రాయి కరిగిపోతుంది, మీరు మాత్రం స్పోరోపోలెనిన్ కోటు దులుపుకుని బయటికొస్తారు. నా కాగితాలు ఒక్క వానకే ముద్దయ్యాయి. లామినేషన్ చేయించొచ్చుగా అంటారేమో, చేయిస్తే చెల్లదన్నారు.

దాపరికమూ లేదు మీకు. భూమిలో ఎంత వేడి తగిలిందో మీ రంగే చెప్పేస్తుంది. లేతపసుపైతే తక్కువ, గోధుమరంగైతే ఇంకాస్త, నలుపైతే మాడినట్టే. చమురు వెతికేవాళ్లు షేల్ రాళ్లలో మీవాళ్ల రంగు చూసి, మా అమ్మ పోపు చూసినట్టు, అక్కడ నూనె తయారయ్యేంత వేడి తగిలిందో లేదో అంచనా వేస్తారు.

ఈ బోరులో తగిలిన పొరా, ఆ బోరులో తగిలిన పొరా ఒకటేనా అని తగువొస్తే మీ సాక్ష్యం తీసుకుంటారు. 1871లో విలియం కింగ్ దొర ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన దగ్గర్నుంచీ అందరికీ బొగ్గే కావాలి, మీ బాగోగులు అడిగిందెవరు?

కనుక విన్నపం. నాకు గెజిటెడ్ సంతకం ఎవరూ పెట్టట్లేదు. సాక్షిగా మీరొస్తారా? తొందరగా చెప్పండి. మీ వ్యాగన్ పాల్వంచ కరెంటు ప్లాంటు వైపు కదిలిందని విన్నాను. యాసిడ్‌కు నిలిచిన కోటే గానీ, బాయిలర్ మంటకు నిలవదు.

ఇట్లు,
జులై 1 (తాత్కాలికం)