రెప్పపాటు మర్యాద

మూడు నిమిషాల్లో ముగియవలసిన ఒక కంటి పరీక్షను పూటంతా సాగదీసిన ఘనత మా మామగారికీ నాకూ సమానంగా చెందుతుంది. అందులో ఆయన వాటా మర్యాద, నా వాటా సహాయం.

మామగారు 34 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. ఈ మధ్య సాయంకాలం వేళ వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయనీ, మొదట వాటిని చూసి ఎంతో ముచ్చటపడ్డాననీ, తరువాత తలనొప్పి మొదలైందనీ ఆయన భోజనాల దగ్గర చెప్పారు. మా ఆవిడ ముచ్చటను పక్కన పెట్టి తలనొప్పిని పట్టుకుంది, మర్నాడే మా ఇద్దరినీ విజయవాడలోని ఒక కంటి ఆసుపత్రికి పంపింది.

డాక్టరుగారు చూసి, కంటి ముందు భాగంలో లోతు తక్కువగా ఉందనీ, కోణం ఇరుకుగా ఉన్నదేమోనని అనుమానంగా ఉందనీ అన్నారు. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే కార్నియా, దాని వెనుక రంగు తెరలా ఉండే ఐరిస్ ఒకదానికొకటి దగ్గరయ్యే అంచునే కోణం అంటారట. కంటిలో రాత్రింబగళ్లు ఊరే నీరు ఆ అంచున ఉన్న సన్నని జల్లెడలోంచి బయటికి పోవాలి. వంటింటి తూముకు గుడ్డ అడ్డం పడితే ఏమవుతుందో ఆ కోణం మూసుకుపోతే కంటిలోనూ అదే అవుతుంది. ఒత్తిడి పెరిగి, నీటి కాసుల జబ్బు వచ్చి, కంటి నరం దెబ్బతింటుంది. ఇంతవరకు మామగారు శ్రద్ధగా విని, "తూము ఉపమానం బాగున్నదండీ" అని డాక్టరుగారిని మెచ్చుకున్నారు.

కోణాన్ని నేరుగా చూడడానికి గోనియోస్కోపీ అనే పరీక్ష ఉంది. చుక్కల మందు వేసి కన్ను మొద్దుబారిన తరువాత, లోపల అద్దాలు అమర్చిన చిన్న కటకాన్ని కంటికి ఆనించి చూస్తారు. కటకం రావడాన్ని మామగారి మనస్సు అంగీకరించింది గాని రెప్పలు అంగీకరించలేదు. అది బెత్తెడు దూరంలో ఉండగానే అవి తలుపులు వేసుకున్నాయి, లోపలినుంచి ఆయన "క్షమించండి, ఇది నా ప్రమేయం లేకుండా జరుగుతున్నది" అని విన్నవించుకున్నారు. మూడుసార్లు క్షమాపణ విన్న తరువాత డాక్టరుగారు, ముందు కంటిని తాకని పరీక్ష ఒకటి చేయించుకొని రమ్మని కాగితం రాసిచ్చారు. దాని పూర్తి పేరు ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ. ఓసీటీ అంటే చాలు, ఆసుపత్రిలో కాపలాదారుతో సహా అందరికీ తెలుసు.

గది ముందు బెంచీ మీద వేచి ఉన్నంతసేపూ ఆ యంత్రం గురించి ఆయనకు వివరించే బాధ్యత అల్లుణ్ణి గనుక నా మీద పడింది. నాకు తెలిసింది చెప్పాను. 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన వారు దీనిని లోకానికి చూపారు. మొదట కంటి వెనుక ఉండే రెటీనా కోసం పుట్టిన ఈ పద్ధతిని 1994 నాటికి కంటి ముందు భాగానికీ వాడారు. అల్ట్రాసౌండు శబ్దాన్ని పంపి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో లెక్కగట్టినట్టు ఇది వెలుగును పంపి లెక్కగడుతుంది. అయితే వెలుగు వేగం మరీ ఎక్కువ గనుక దాని రాకను నేరుగా కొలవగలిగే గడియారం లేదు. అందుచేత ఒకే దీపపు వెలుగును రెండుగా చీల్చి, ఒక పాయను కంటిలోకీ మరొక పాయను ఒక అద్దం మీదికీ పంపుతారు. రెండూ తిరిగి వచ్చి కలిసినప్పుడు, అవి నడిచిన దూరాలు మిల్లీమీటరులో వందో వంతు కూడా తేడా లేకుండా సరిపోతేనే సంకేతం పుడుతుంది, లేకపోతే పుట్టదు. అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ పోతే కంటిలో ఏ పొర ఎంత లోతున ఉన్నదో తెలిసిపోతుంది. కొత్త యంత్రాలు అద్దాన్ని కదపకుండానే ఆ పని చేస్తాయి గాని, సూత్రం అదే.

మామగారు కొంతసేపు కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. "ఇది యతి గదా అల్లుడుగారూ! ఉత్పలమాల పాదంలో మొదటి అక్షరానికి పదో అక్షరం దగ్గర మైత్రి కుదరాలి. తొమ్మిదో చోట ఎంత చక్కని అక్షరం పడినా ప్రయోజనం లేదు. మీ అద్దంలో వెలుగు మొదటి అక్షరం, కంటిలోంచి వచ్చినది యతి స్థానం" అన్నారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన వారు ఎవరూ దానిని ఇంత క్లుప్తంగా చెప్పి ఉండరని నాకు ఇప్పటికీ నమ్మకం.

పిలుపు వచ్చింది. గది చీకటిగా ఉంది. గుమ్మంలో మామగారు ఏదో వస్తువు నా చేతికి ఇచ్చారు, నేను ఏమిటో చూడకుండా జేబులో వేసుకున్నాను. ఈ వాక్యాన్ని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలసిందిగా మనవి.

యంత్రం దగ్గర ఉన్న అమ్మాయి "తాతగారూ, గడ్డం ఇక్కడ పెట్టి నుదురు ఆ పట్టీకి ఆనించండి, లోపల కనిపించే గుర్తునే చూడండి, రెప్ప వేయకండి" అని చెప్పింది. ఆయన అలాగే పెట్టి, ఆనించి, చూశారు. "సరిగా కనిపిస్తున్నదా?" అని ఆమె అడగగానే "చక్కగా కనిపిస్తున్నదమ్మా" అన్నారు. అనడానికి దవడ కదలాలి, దవడ కదిలితే గడ్డం లేస్తుంది, గడ్డం లేస్తే కన్ను చట్రంలోంచి తప్పుకుంటుంది. బొమ్మలో కార్నియా రెండు మెట్లుగా విరిగి కనిపించింది. ఆమె మాట్లాడవద్దని చెప్పింది. ఆయన మాట్లాడకుండా, పెద్దవారు ఏదైనా చెప్పినప్పుడు ఊపవలసిన విధంగా తల ఊపారు. తల కూడా ఊపవద్దని చెప్పింది. ఆయన తల ఊపకుండా, సమ్మతి తెలియజేయడానికి మిగిలిన ఏకైక మార్గంగా, కళ్లు రెండూ మెల్లగా మూసి తెరిచారు.

ఆ బొమ్మలో కన్ను లేదు. పై రెప్ప మాత్రం, వెంట్రుకల నీడలతో సహా, పాఠ్యపుస్తకంలో అచ్చు వేయించదగినంత స్పష్టంగా వచ్చింది.

అయిదోసారి కూడా రెప్పే వచ్చిన తరువాత ఆయన గడ్డం తీసి, వినయంగా నిటారుగా కూర్చొని, "అమ్మా, రెప్ప వేయనివారిని మా భాషలో అనిమిషులు అంటారు. ఆ మాటకు దేవతలు అని ఒక అర్థం, చేపలు అని మరొక అర్థం. స్వయంవరంలో అయిదుగురు నలులు కూర్చున్నప్పుడు దమయంతి రెప్పపాటును చూసే మనిషిని గుర్తుపట్టింది. నేను ఈ రెండు జాతుల్లో దేనికీ చెందను గనుక కొంచెం ఓర్చుకోవాలి" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, బొమ్మ తీసేముందు కావలసినన్నిసార్లు రెప్ప వేసుకోమని, తాను "ఊఁ" అన్నప్పుడు మాత్రం ఆపితే చాలునని చెప్పింది. యంత్రానికి కావలసినది నిజానికి ఒక్క సెకను కంటే తక్కువేనట.

ఈ ఏర్పాటు ఫలించింది. కుడి కంటి బొమ్మ తెర మీదికి వచ్చింది. పైన అర మిల్లీమీటరు మందం గల కార్నియా విల్లులా వంగి ఉంది, కింద ఐరిస్ రెండు పక్కలనుంచీ రెండు రెక్కల్లా వచ్చి మధ్యలో కంటిపాప కోసం ఖాళీ విడిచింది, ఆ ఖాళీలోంచి కంటి లోపలి కటకపు నెత్తి కనిపించింది. మామగారికి వెనుకనుంచి చూపిస్తే "శివధనుస్సు" అన్నారు. నాకు మాత్రం పెనం మీద లేచిన అట్టు అంచులా అనిపించింది, ఉదయం ఫలహారం చేయకుండా బయలుదేరాము గనుక. విల్లు కొనలు ఐరిస్‌ను కలిసే చోట సందు దాదాపు లేదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా, ఇంకొకసారి తీసి సరిచూసుకుంటానంది.

సరిగ్గా అప్పుడే మామగారి చొక్కా జేబులోంచి ఏదో జారి నేల మీద టక్కుమంది. కళ్లజోడు! పోయిన నెలలోనే కొన్నది. చక్రాల కుర్చీ ఒకటి ఆ పక్కనే ఉంది, అది ఒక అంగుళం కదిలితే అద్దాలు పొడి. ఆయనను కదలవద్దన్నారు, అమ్మాయి తెర మీద కళ్లు పెట్టి ఉంది, ఇంట్లో బాధ్యత తెలిసిన మనిషిని నేనే. చప్పుడు చేయకుండా బల్ల కిందికి వంగి, ఫోను తీసి, టార్చి వెలిగించి వెతకసాగాను. ఆ వెలుగు కిందినుంచి మామగారి ఎడమ కంటిలోకి సూటిగా పడుతున్నదని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. కాని మాట్లాడవద్దని, కదలవద్దని, తల ఊపవద్దని ఆయనకు స్పష్టంగా చెప్పి ఉన్నారు. ఆ పూట మొత్తం మీద ఆయన ఆ ఆజ్ఞను అక్షరాలా పాటించినది ఆ ఒక్క సెకనులోనే.

"ఊఁ" అంది అమ్మాయి. బొమ్మ అద్భుతంగా వచ్చింది. కోణం హాయిగా తెరుచుకొని ఉంది.

కళ్లజోడు దొరకకపోయినా, తెర మీది బొమ్మ చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. అమ్మాయి రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూస్తుండగానే, నేను బయటికి వచ్చి కుటుంబం వాట్సాప్ గ్రూపులో "కోణం తెరుచుకొనే ఉంది, భయం లేదు" అని పెట్టేశాను. పదకొండు మంది చేతులు జోడించారు. మా అత్తగారు కనకదుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టించమని వాయిస్ మెసేజి పంపారు.

డాక్టరుగారు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. "పది నిమిషాల్లో కోణం దానంతటదే తెరుచుకోదు. మొదటి బొమ్మలో పాప 5 మిల్లీమీటర్లుంది, రెండోదాంట్లో 3 కూడా లేదు. గదిలో ఎవరైనా దీపం వేశారా?" అని అడిగారు. అమ్మాయి వేయలేదంది. మామగారు నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయన మర్యాద. నేనే ఒప్పుకున్నాను.

డాక్టరుగారు కోప్పడకుండా చెప్పడం వల్ల మరింత సిగ్గేసింది. చీకటిలో పాప విచ్చుకుంటుంది, అప్పుడు ఐరిస్, పక్కకు లాగిన తెర గోడవారన మడతలు పడి గుట్టపడినట్టు, అంచున గుట్టపడి తూముకు అడ్డం వస్తుంది. వెలుగు పడితే పాప ముడుచుకుంటుంది, తెర సాగి పలుచబడి తూము తెరుచుకుంటుంది. ఒక కంటిలో వెలుగు పడినా రెండు పాపలూ కలిసే ముడుచుకుంటాయి. అందుకే ఆ గది చీకటిగా ఉంటుంది. యంత్రం వాడేది 1310 నానోమీటర్ల పరారుణ కాంతి, అది కంటికి కనిపించదు గనుక పాపను కదిలించదు. తెల్లగుడ్డు అంచు గుండా కోణం దాకా చొచ్చుకుపోవడానికీ ఆ కాంతే అనుకూలమట. ఇన్ని కోట్ల రూపాయల ఆలోచనతో కాపాడుకుంటూ వచ్చిన చీకటిని నేను పన్నెండు వేల రూపాయల ఫోనుతో చెడగొట్టాను.

మళ్లీ తీశారు. ఈసారి నన్ను బయట కూర్చోబెట్టారు. మామగారు చీకటిలో కొంతసేపు కూర్చొని కన్ను అలవాటు పడ్డాక, తలుపు సందులోంచి "ఊఁ" అన్న మాటా, ఆ తరువాత "ఇక రెప్ప వేయవచ్చునా అమ్మా?" అన్న ప్రశ్నా వినిపించాయి. కోణం ఇరుకుగానే వచ్చింది. బొమ్మ ఒక్కదాన్నే నమ్మనని డాక్టరుగారు మరొకసారి గోనియోస్కోపీకి కూర్చోబెట్టారు. "ఊఁ" అనే పద్ధతి అక్కడా పనిచేసింది. ఐరిస్ అంచున లేజరుతో సన్నని రంధ్రం చేస్తే వెనుక చిక్కుకున్న నీటికి దారి దొరికి తెర వెనక్కి తగ్గుతుందనీ, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చుననీ చెప్పి వచ్చే గురువారానికి రమ్మన్నారు.

నేను గ్రూపులో సవరణ పెట్టాను. దానికి ఎవరూ చేతులు జోడించలేదు. మా ఆవిడ ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగింది, దానికి సమాధానం వెతుకుతూ జేబులో చెయ్యి పెట్టుకుంటే కళ్లజోడు తగిలింది. గుమ్మంలో ఆయన నాకిచ్చినది అదే. నేల మీద పడినది కలం మూత.

మామగారు ఆ మూతలేని కలంతోనే గురువారం కాగితం నింపుతున్నారు. "వెంట వచ్చువారు" అన్న గడి దగ్గర ఒక క్షణం ఆగి, నాకు నొప్పి కలగకుండా కొంచెం పక్కకు తిరిగి, గుండ్రని అక్షరాలతో తమ కూతురి పేరు రాశారు.