ఓనరుకు అభయహస్తం

ప్రభుత్వం ఏదైనా ఊరికే ఇస్తే జనం సోమరిపోతులవుతారన్నది అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు పెద్దమనుషులు వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడో నిరూపించేసిన సత్యం. ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టారు, ఆర్టీసీ మునిగింది. రేషన్ కార్డుకి సన్నబియ్యం ఇచ్చారు, నాట్లకు మనిషి దొరకడం లేదు. ఈ సిద్ధాంతంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఏ రకం ప్రభుత్వ సాయం మనిషిని పాడుచెయ్యదో కూడా ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. ఆ బాధ్యత నేను తీసుకున్నాను. ఎంతో ఆలోచించాక తెలిసిందేమిటంటే, కనీసం 5 ఇళ్లున్న అపార్ట్‌మెంట్ బిల్డింగ్ కొనేవాడికి ప్రభుత్వం ఎంత సాయం చేసినా సోమరితనం రాదు. 4 ఇళ్లుంటే ఈ స్కీముకు అర్హత లేదు.

ఆ సాయం పేరు సెక్షన్ 223(ఎఫ్). ఇచ్చేది అమెరికా కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణం చూసే హడ్ శాఖ, దాని కింద ఉండి ఇళ్ల లోన్లకు హామీ పడే ఎఫ్‌హెచ్‌ఏ. లోను ప్రైవేటు సంస్థే ఇస్తుంది. ఓనరు కట్టకపోతే ఆ సంస్థకు దాదాపు మొత్తం ఎఫ్‌హెచ్‌ఏ చెల్లిస్తుంది. బిల్డింగ్ విలువలో 80 శాతానికి పైగానే లోను వస్తుంది. గడువు 35 ఏళ్ల దాకా. వడ్డీ మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే. ఒకవేళ మునిగిపోతే? అప్పిచ్చినవాడు బిల్డింగ్ తీసుకుంటాడు, అంతే. మోసం చేస్తే తప్ప డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఓనరుండే ఇంటి జోలికి గాని, ఆయన టెస్లా జోలికి గాని రాడు. కొత్తగా కట్టేవాళ్లకి 221(డి)(4) అని ఇంకోటి ఉంది. కట్టినన్నాళ్లూ వడ్డీ మాత్రం కట్టుకోవచ్చు, కట్టడం అయ్యాక 40 ఏళ్లు అదే రేటు. 40 ఏళ్ల తర్వాత డాలరు ఉంటుందో లేదోనని మన ఇన్వెస్టరే యూట్యూబ్ చూసి భయపడుతుంటాడు. వాయిదా సంగతిలో మాత్రం ఆయనకి ఏ టెన్షనూ లేదు.

ఇది ఉచితం కాదు, ఆ హామీకి ఇన్సూరెన్స్ ప్రీమియం కడుతున్నాం అని మీరనొచ్చు. నిజమే. లోను ఇచ్చేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా కట్టాల్సిందే. దాన్ని కాదనేవాడు మూర్ఖుడు. ఉచిత బస్సెక్కే ఆడమనిషి కూడా ఏది కొన్నా జీఎస్టీ కడుతూనే ఉంది కదా అని ఒక మిత్రుడు అడ్డం వచ్చాడు. అది వేరే విషయం. జీఎస్టీకి లోను ఖరారైన రోజు సంతకాలు పెట్టే క్లోజింగ్ స్టేట్‌మెంట్ ఉండదు, క్లోజింగ్ అయ్యాక స్టేక్‌హౌస్‌లో డిన్నరూ ఉండదు.

ఇంత మంచి లోనుండగా మనవాళ్లు 2021లో దీని మొహం చూడలేదన్నది చరిత్ర. అప్పట్లో డల్లాస్ చుట్టుపక్కల ఏ గృహప్రవేశానికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక సిండికేషన్ డీల్ వడ్డించేవారు. ఐటీ ఉద్యోగులు గుంపుగా చేరి తలా 50 వేల డాలర్లు వేసి 200 ఇళ్ల బిల్డింగ్ కొనడం, మూడేళ్లలో రంగులేసి అద్దెలు పెంచి అమ్మేయడం. అంత తొందరలో ఉన్నవాడికి హడ్ వారి సవాలక్ష కాగితాలు ఏం నచ్చుతాయి? అందుకని వారాల్లో వచ్చే, కొద్ది కాలానికే తీర్చాల్సిన బ్రిడ్జ్ లోను, మారే వడ్డీ. మార్కెట్‌ని నమ్మాలి, ప్రభుత్వాన్ని కాదు అనేవారు. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న ఫెడ్ రేటు, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు, 2023 జూలైకి 5.25 శాతం దాటింది. వాయిదా రెట్టింపైంది. వడ్డీ ఒక హద్దు దాటకుండా కాపాడే రేట్ క్యాప్‌ని రెన్యువల్ చేయించుకోవాలంటే గుండె గుభేల్‌మంది. 2023 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఒకే సంస్థ చేతిలోని 3,000కు పైగా అపార్ట్‌మెంట్లు వేలంలో పోయాయి. అప్పుడు మార్కెట్ మీద నమ్మకం సడలి, ప్రభుత్వం మీద భక్తి మొదలైంది.

భక్తి అన్నాక నియమాలుంటాయి. ఇందులోనూ ఉన్నాయి, చాలా ఉన్నాయి. నేలలోంచి ఇంట్లోకి చేరి ఆరోగ్యం పాడుచేసే రాడాన్ వాయువు బిల్డింగ్‌లో ఎంతుందో కొలవాలి. కొత్తగా కడితే 1,000 అడుగుల్లోపు పెద్ద రోడ్డు, 3,000 అడుగుల్లోపు రైలు పట్టాలు, 15 మైళ్లలోపు విమానాశ్రయం ఉన్నాయేమో చూసి శబ్దం లెక్కలు కట్టాలి. ఆ కొత్త కట్టడంలో వడ్రంగికి ఎంత కూలివ్వాలో 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం చెప్పినట్టు ఇవ్వాలి, బేరం లేదు. లోను వచ్చాక కూడా అద్దె డబ్బు ఇష్టమొచ్చినట్టు జేబులో వేసుకోవడం కుదరదు. ఏడాదికి రెండుసార్లు లెక్క తేల్చి, అన్ని ఖర్చులూ పోగా మిగిలితేనే తీసుకోవాలి. పైకప్పుకీ ఏసీలకీ నెలనెలా పక్కన పెట్టాలి. ముందే తీర్చేస్తానంటే అదీ తప్పే. మొదటి ఏడాది సాధారణంగా 10 శాతం జరిమానా, అక్కణ్ణుంచి ఏటా ఒక్కో శాతం తగ్గుతూ వస్తుంది.

అన్నిటికన్నా బాధాకరమైనది తనిఖీ. హడ్ తరఫున ఒకాయన టార్చిలైటు పట్టుకుని వచ్చి, పొగ అలారం మోగుతుందా, స్విచ్‌బోర్డుకి మూత ఉందా, బాత్రూంలో బూజు పట్టిందా అని కొన్ని ఇళ్లు ఏరి చూసి 100కి మార్కులేస్తాడు. 60 లోపు వస్తే ఫెయిల్. మన ఇన్వెస్టరు చిన్నప్పుడు 60 వస్తే ఫస్ట్‌క్లాసని వీధంతా లడ్డూలు పంచారు. ఆయన కొడుక్కి 94 వస్తే మిగతా 6 ఏమయ్యాయని ఆయనే అడుగుతాడు. బిల్డింగ్‌కి 71 వచ్చిన రోజు మాత్రం ‘పాసయ్యాం కదా’ అంటూ గ్రూపులో స్వీటు ఎమోజీలు పెట్టాడు.

ఈ నియమాలన్నీ ప్రభుత్వానికి పనిలేక పెట్టినవని ఆయన నమ్మకం. ఎఫ్‌హెచ్‌ఏ పుట్టింది 1934లో. మరుసటి ఏడాది వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో కొలోనియల్ విలేజ్ అనే అద్దె అపార్ట్‌మెంట్లకి హామీ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సెక్షన్ 608 అని తెచ్చి, ఆ తర్వాత తిరిగొచ్చిన సైనికుల కోసం కొనసాగించి, కట్టడానికి ఎంతవుతుందని అంచనా వేస్తే అందులో 90 శాతానికి హామీ అన్నారు. ఖర్చయిన దాంట్లో కాదు, అంచనాలో. ఇంకేం కావాలి? బిల్డర్లు అంచనా ఆకాశంలోనూ ఖర్చు నేల మీదా పెట్టి, మిగిలింది ఉంచుకున్నారు. 1954లో సెనేట్ కమిటీ పిలిచి నిలదీసినవాళ్లలో బ్రూక్లిన్‌లో బీచ్ హేవెన్ కట్టిన ఫ్రెడ్ ట్రంప్ ఒకరు. లక్షల డాలర్లు మిగిలాయి కదా అంటే, ఆ డబ్బు కంపెనీ ఖాతాలోనే ఉంది, నేను ముట్టుకోలేదు అన్నది ఆయన వాదన. కేసేమీ పెట్టలేదు. ఆయన గారబ్బాయి తర్వాతి రోజుల్లో ఏమయ్యాడో మీకు తెలుసు.

అదే ఎఫ్‌హెచ్‌ఏ మొదట్లో నల్లవాళ్లుండే పేటల్లో లోన్లకు హామీ ఇవ్వకూడదని తన మాన్యువల్‌లోనే రాసుకుంది. అది మారడానికి పౌరహక్కుల ఉద్యమం, 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కావాల్సి వచ్చాయి. ఇంకోటి, హడ్ శాఖ పుట్టిందీ, మనలాంటి ఆసియా వాళ్లకి తలుపులు తీసిన వలస చట్టం వచ్చిందీ ఒకే ఏడాది, 1965. రెంటి మీదా సంతకం పెట్టింది ఒకే అధ్యక్షుడు, లిండన్ జాన్సన్. ఆయన పేదలకు ఉచితాలు పంచిపెట్టి అమెరికాని నాశనం చేశాడని మన ఇన్వెస్టరు పోయిన థాంక్స్‌గివింగ్‌కి అరగంట ఉపన్యాసమిచ్చాడు.

ఇక అద్దెకుండేవాళ్ల సంగతి. వాళ్లకి 35 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు ఎందుకు లేదని కొందరు అడుగుతున్నారు. అది వాళ్ల మంచికే. అద్దె ఏడాదికోసారి మారుతుంటే మనిషి చురుగ్గా ఉంటాడు, రెండో ఉద్యోగం వెతుక్కుంటాడు. ఓనరుకి వాయిదా పెరిగితే నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే ఆర్థిక వ్యవస్థ ఏమైపోవాలి? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇలాంటి లోన్లున్న ఓనర్లకి 90 రోజుల దాకా వాయిదాల నుంచి వెసులుబాటు ఇచ్చింది అందుకే. అద్దె కట్టనివాడికి టెక్సాస్ చట్టం మామూలుగా ఇచ్చే నోటీసు 3 రోజులు. ప్రభుత్వ హామీ లోనున్న బిల్డింగైతే 30 రోజులివ్వాలని ఆ 2020 నాటి కేర్స్ చట్టమే చెప్పింది. ప్రభుత్వం ఇలా ప్రైవేటు ఆస్తిలో వేలు పెట్టడం దారుణమని ఓనర్ల సంఘాలు వాషింగ్టన్‌లో ఇప్పటికీ మొత్తుకుంటున్నాయి. హామీ మాత్రం ఎవరూ వెనక్కిచ్చినట్టు లేదు.

2025లో హడ్ ఉద్యోగుల్ని పెద్దఎత్తున తగ్గించినప్పుడు మన ఇన్వెస్టరు ఎంతో సంతోషించాడు. కుర్చీలు వేడెక్కించే బ్యాచ్ పోయింది అన్నాడు. ఆ అక్టోబరు ఒకటిన వాషింగ్టన్‌లో ప్రభుత్వం మూతపడి 43 రోజులు తెరుచుకోనప్పుడు, లేకపోయినా దేశం నడుస్తోంది చూశారా అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నవంబరు చివర్లో నాకే ఫోన్ చేశాడు. బ్రిడ్జ్ లోను గడువు ముంచుకొస్తోందట, 223(ఎఫ్) ఫైలు మాత్రం అంగుళం కదల్లేదట. “అసలు ఆఫీసులో ఫైలు చూసే మనిషే లేడటండీ! జీతాలు తీసుకుని ఏం చేస్తున్నారు వీళ్లు? మీకు తెలిసిన కాంగ్రెస్‌మన్ ఎవరైనా ఉంటే కాస్త చెప్పించండి.”