సవరణ: కప్పట్రాళ్లలో గని లేదు

కప్పట్రాళ్ల అడవి గురించి మొన్న రాసినదానిలో ‘యురేనియం గనిని యువకులు మూయించారు’ అన్న వాక్యం తప్పు, పాఠకులు మన్నించాలి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని ఆ అడవిలో గని ఏనాడూ లేదు. బోర్లు వేసి ఖనిజం ఎంతుందో చూడాలన్న అన్వేషణ ప్రతిపాదన మాత్రమే ఉండగా, చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కడంతో 2024 నవంబరులో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. గని ఉన్నది కడప జిల్లా తుమ్మలపల్లెలో. అక్కడి రైతులు బోరునీళ్ల గురించి చెప్పుకునే గోడు విన్నాకే తాము కదిలామని కప్పట్రాళ్ల వైపు కుర్రాళ్లు నాతో అన్నారు.

ఘనతంతా వాళ్లదే అన్నట్టు రాయడమూ సరికాదు. ఫోన్లలో ఊరూరికీ కబురు చేర్చింది వాళ్లే అయినా, ఆ రోజు రోడ్డు మీద ముందు వరుసలో కూర్చున్నది, చీర కుచ్చిళ్లకు పత్తి పింజలు ఇంకా అంటుకొనే ఉన్న కూలి తల్లులు.